రోమియో జూలియట్‌ను తెలుగులో ఆడుతున్నాం, మీ సలహాలు కావాలి

తెరతాడు
నమస్కారం అందరికీ. మాది పదకొండు మంది ఉన్న చిన్న బృందం. పగలు ఎవరి ఉద్యోగాలు వాళ్లవి, సాయంత్రం ఆరున్నర నుంచి రిహార్సల్. ఇన్నేళ్లూ పరిషత్తు నాటికలే ఆడాం, ఈసారి షేక్‌స్పియర్ 'రోమియో జూలియట్' పూర్తి నాటకంగా వేద్దామని పట్టుబట్టి మొదలుపెట్టాం. అనువాదం మేమే చేసుకుంటున్నాం. హాలు రెండు గంటలకే ఇస్తారు కాబట్టి కోతలు తప్పవు.

మా వాళ్లలో సగం మంది కథను రాయలసీమకు తెచ్చేద్దాం, రెండు ఫ్యాక్షన్ ఇళ్లు అంటే జనానికి చప్పున ఎక్కుతుంది అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకు వద్దో గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఇంకో సంగతి, ప్రేమికులిద్దరూ చనిపోయాక కూడా నాటకం చాలాసేపు సాగుతుంది. అదంతా తీసేసి, జూలియట్ పడిపోగానే లైట్లు ఆర్పేద్దామా అని ఒక ఆలోచన. వీటన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే ఉంది. ఇది ప్రేమ నాటకమా, పెద్దవాళ్ల నాటకమా? రోమియో వేసే కుర్రాడు రోజూ అడుగుతున్నాడు, "సార్, ఇంతకీ మేం చేసిన తప్పేంటి?" అని. వాడికి ఏం చెప్పమంటారు?

గ్రీన్‌రూమ్
తెరతాడు గారూ, మీ మనసు ఎందుకు ఒప్పడం లేదో నాటకం మొదటి పంక్తిలోనే ఉంది. అవి రెండూ సమాన గౌరవం ఉన్న ఇళ్లు అని చెప్పి మరీ తెర తీస్తాడు. పాత పగ అంటాడు కానీ అది దేనికి పుట్టిందో ఐదంకాల్లో ఒక్క పాత్ర కూడా చెప్పదు. పొలం గట్టు తగాదా అని గానీ, ఎన్నికల తగాదా అని గానీ, ఫలానా ఆయన్ని వీళ్లు చంపారని గానీ ఎక్కడా లేదు. మీరు ఫ్యాక్షన్ అనగానే ప్రేక్షకుడు కారణం వెతుక్కుంటాడు, ఎవరిది న్యాయం అని లెక్క వేసుకుంటాడు, ఏదో ఒక పక్షం తీసుకుంటాడు. ఆ లెక్కకు చోటు లేకుండా చేశాడు కాబట్టే చివర్లో అంత బాధ.

కొత్తచివురు
నేను ఒప్పుకోను అన్నా. మన దగ్గర ఇద్దరు ప్రేమించుకుని చనిపోయారు అంటే కులం మాట రాకుండా ఎలా కుదురుతుంది? పేపర్లో పరువు హత్య వార్త చదివి వచ్చిన మనిషికి నాటకం జరిగే ఇటలీ ఊరు వెరోనాను చూపిస్తే అది తనది కాదనుకుని హాయిగా ఇంటికి పోతాడు. నాకు ఆ హాయి ఇష్టం లేదు. నాతో చదువుకున్న అమ్మాయి ఒకామె పెళ్లి చేసుకుని ఆరేళ్లయింది, ఇప్పటికీ సొంతూరు వెళ్లలేదు.

గ్రీన్‌రూమ్
చివురూ, నువ్వు చెప్పే నాటకం రాయాలి, తప్పకుండా రాయాలి, రాస్తే నేను ముందు వరుసలో కూర్చుని చూస్తాను. కానీ అది ఇది కాదు. కులం తేగానే సమానం అన్న మాట పోతుంది, ఒక ఇల్లు పైన, ఒక ఇల్లు కింద అవుతుంది. అప్పుడు చావుకు బాధ్యత ఒకవైపే ఎక్కువ ఉండాలి, ఉంటుంది కూడా. 1957లో అమెరికాలో ఇదే కథను న్యూయార్క్ వీధుల్లోకి మార్చి, పోర్టోరికో నుంచి వచ్చిన కుర్రాళ్లకూ అక్కడి తెల్ల కుర్రాళ్లకూ మధ్య తగవుగా 'వెస్ట్ సైడ్ స్టోరీ' చేశారు, గొప్పగా నిలబడింది. నిలబడింది ఎందుకంటే వాళ్లు పేర్లు మార్చి ఊరుకోలేదు, పాటలతో సహా నాటకం మొత్తం కొత్తగా రాసుకున్నారు. షేక్‌స్పియర్ మాటలు షేక్‌స్పియర్‌వే ఉంచి చొక్కాలు మాత్రం మారిస్తే రెంటికీ చెడుతుంది.

హంద్రీ ఒడ్డు
నేను కర్నూలు జిల్లావాణ్ణి. మా ఊరి పేరు చెప్పగానే కొడవళ్లు గుర్తొచ్చేలా సినిమాలు చేసింది చాలు, నాటకం కూడా ఆ దారి పట్టొద్దని నా మనవి. అది నా సొంత బాధ, పక్కన పెట్టండి. నాటకం లోపలి నుంచే ఇంకో అడ్డు ఉంది. టిబాల్ట్ జూలియట్‌కు ఏమవుతాడో చూశారా? వాడు చచ్చిపడి ఉంటే జూలియట్ తల్లి వచ్చి మా అన్నదమ్ముడి బిడ్డ అని ఏడుస్తుంది. అంటే మేనమామ కొడుకు. మన లెక్కలో బావ! సీమకు తెచ్చి జూలియట్ చేత వాణ్ణి బావా అని పిలిపించారో, హాల్లో ప్రతి ఆడమనిషీ ఇంట్లో మేనబావ ఉండగా ఆ పారిస్ అనే పెళ్లికొడుకు సంబంధం ఎందుకు తెచ్చారు అని అడుగుతుంది. టిబాల్ట్ కోపానికి వేరే అర్థం వచ్చేస్తుంది. వెరోనాలోనే ఉంచండి, జూలియట్ వాణ్ణి పేరుతోనే పిలవనీయండి.

తెరతాడు
హంద్రీ గారూ, దండం. రెండు నెలలుగా స్క్రిప్టు చేతిలో ఉంది, ఈ ముక్క ఒక్కరికీ తట్టలేదు. మా అనువాదంలో నిజంగానే మూడు చోట్ల "బావ" అని ఉంది. ఈ రాత్రికే మారుస్తాను. సీమ మాట ఇక లేదు, వెరోనాయే.

పాత ప్రాంప్టర్
ముప్పై ఏళ్లు సైడ్ వింగ్‌లో స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డ మనిషిని, ఒక్క మాట చెప్పనివ్వండి. ఈ నాటకం నేనొకసారి ఓడిపోవడం చూశాను. ఒక కాలేజీ వాళ్లు వేశారు, పిల్లలు మంచివాళ్లు, కష్టపడ్డారు. తెర తీయగానే ఏడుపు వయొలిన్. రోమియో మొదటి ఎంట్రీ నుంచే చావబోతున్నవాడిలా నడిచాడు. మూడో అంకానికి వచ్చేసరికి జనంలో సగం మంది బయట టీ దగ్గర ఉన్నారు.

సగం దాకా ఇది హాస్య నాటకం అన్నది మరిచిపోకండి. మొదటి గొడవ చూడండి, ఇద్దరు నౌకర్లు బొటనవేలు కొరికి చూపించడం దగ్గర మొదలవుతుంది. ఎదుటివాడు "మమ్మల్ని చూసేనా కొరికావు?" అంటే, వీడు పక్కవాడి చెవిలో "అవునంటే చట్టం మనవైపు ఉంటుందా?" అని అడుగుతాడు. ఉండదనేసరికి "కొరికాను గానీ మిమ్మల్ని చూసి కాదు" అంటాడు. జనం ఘొల్లున నవ్వాలి అక్కడ. జూలియట్‌ను పెంచిన ఆయా నవ్వించాలి, ఆమె వెంట తిరిగే నౌకరు పీటర్ నవ్వించాలి. ఆ పీటర్ వేషానికి 1599 నాటి ప్రతిలో పాత్ర పేరుకు బదులు విల్ కెంప్ అని నటుడి పేరే అచ్చయింది, ఆ రోజుల్లో పేరుమోసిన హాస్యగాడు అతను. అంత నవ్వు ఎందుకు పెట్టాడంటే మూడో అంకంలో రోమియో స్నేహితుడు మెర్క్యూషియో చావాలి కాబట్టి. వాడు పొడిపించుకుని కూడా జోకులే వేస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు గీరుకుందేమోలే అనుకుంటారు, ప్రేక్షకులూ అలాగే అనుకోవాలి. అక్కడ నవ్వు గొంతులో ఆగిపోవాలి. మొదటి నుంచీ ఏడిస్తే ఆగడానికి ఏముంటుంది?

ఇక మీ కుర్రాడి ప్రశ్న. టిబాల్ట్ కత్తి మెర్క్యూషియోకు ఎలా తగిలింది? రోమియో ఇద్దర్నీ విడదీయబోయి మధ్యలోకి వెళ్లాడు, వాడి చెయ్యి కిందనుంచి కత్తి దూరింది. "ఎందుకొచ్చావు మా మధ్యకి, నీ చెయ్యి కిందనుంచే పొడిచాడు" అంటాడు మెర్క్యూషియో. రోమియో జవాబు చాలా చిన్నది, అంతా మంచికే అనుకున్నాను అంటాడు. ఆ కుర్రాడికి ఈ ఒక్క మాట ఇచ్చి ఇంటికి పంపండి. పాదిరీ గారు రహస్యంగా పెళ్లి చేసింది మంచికే, పగ తీరుతుందని. తండ్రి పారిస్‌తో పెళ్లి తొందర చేసిందీ పిల్ల దుఃఖం మరిపిద్దామనే. బ్లాకింగ్‌లో, అంటే ఎవరు ఎక్కడ నిలబడాలో చూసుకునేటప్పుడు, ఆ చెయ్యి మాత్రం హాల్లో చివరి వరుసకు కూడా కనబడాలి. చాలామంది గుంపుగా నిలబడి దాన్ని కప్పేస్తారు.

టీచరమ్మ
ప్రాంప్టర్ బాబాయ్ గారు తొందర అన్నారు, దాని గురించి నాలుగు మాటలు. ఈ కథ షేక్‌స్పియర్ పుట్టించింది కాదు. ఇటలీలో చాలామంది చెప్పుకున్న కథను ఆర్థర్ బ్రూక్ 1562లో ఇంగ్లిష్ పద్యకావ్యంగా రాశాడు, ఈయన చేతిలో ఉన్నది అదే. బ్రూక్ దగ్గర ఈ కథ నెలల తరబడి నడుస్తుంది, పిల్లకు పదహారు నిండబోతుంటాయి. షేక్‌స్పియర్ నెలలను ఐదు రోజులు చేశాడు, పదహారును పధ్నాలుగుకు దించాడు, అది కూడా నిండలేదు, ఆయా అడిగితే ఇంకా రెండు వారాల పైచిలుకు ఉందని తల్లి చెబుతుంది. ఆదివారం పొద్దున గొడవ, ఆ రాత్రే విందులో చూసుకోవడం, సోమవారం మధ్యాహ్నం పెళ్లి, గంట తిరగకుండా రోమియో చేతిలో టిబాల్ట్ చావు, మంగళవారం తెల్లవారుజామున ఎడబాటు, ఆ రాత్రే జూలియట్ చచ్చినట్టు నిద్రపుచ్చే మందు తాగడం, గురువారం తెల్లారేలోగా అంతా అయిపోతుంది. మీ గోడ మీద ఈ వారాలు రాసి పెట్టండి, నటులు ప్రతి సీనుకు ముందు చూసుకోవాలి.

జూలియట్ తండ్రి కాపులెట్‌ను విలన్‌గా వేయించకండి, అది నా ప్రత్యేక విన్నపం. మొదటి అంకంలో పారిస్ వచ్చి పిల్లనడిగితే ఇంకో రెండు వేసవులు గడవనీ, దాని మనసు గెలుచుకో, దాని ఇష్టంలో నా అంగీకారం ఒక భాగం మాత్రమే అంటాడు. మిగతా బిడ్డలందరినీ మట్టిలో పెట్టుకున్నవాడు, మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. అదే మనిషి సోమవారం రాత్రి పిల్లను అడక్కుండానే గురువారం పెళ్లి అనేశాడు. కాదంటే "చావు, అడుక్కుతిను, వీధిలో పడి చావు" అన్నాడు. ఆ తర్వాత కూతురు తలొంచగానే సంతోషం పట్టలేక బుధవారానికి మార్చేశాడు. మా తరగతిలో ఈ సీను చదువుతుంటే ఒక అమ్మాయి మెల్లగా "మా నాన్న గొంతులా ఉంది మేడమ్" అంది. మా నాన్న కూడా నాకు సంబంధం చూసినప్పుడు సరిగ్గా ఇంతే మంచివాడు.

సీసపద్యం
నా గోల ఎప్పుడూ పద్యమే, ఏమీ అనుకోకండి. విందులో మొదటిసారి మాట్లాడుకునేటప్పుడు వాళ్లిద్దరి మాటలూ కలిపి రాసుకుంటే సరిగ్గా పధ్నాలుగు పంక్తుల సానెట్ అవుతుంది. మొదటి నాలుగూ అతనివి, తర్వాతి నాలుగూ ఆమెవి, ఆపైన ఒకరి మాట ఒకరు అందుకుంటూ చివరి పంక్తికి ముద్దు. ఎవరికీ తెలియకుండా జనం మధ్యలో ఇద్దరు కొత్తవాళ్లు కలిసి ఒక పద్యం కట్టేశారన్నమాట! దీన్ని వచనంలో అనువదిస్తే చచ్చిపోతుంది. మనకు పద్యనాటకాల్లో సంవాద పద్యం అలవాటే కదా, సీసం వాడుకోండి. సీసంలో మొదటి రెండు పాదాలు రోమియోకు, తర్వాతి రెండు జూలియట్‌కు, సీసం చివర వచ్చే ఎత్తుగీతిని ముక్కలుగా ఇద్దరికీ పంచండి, ఆఖరి పాదం సగం ఆమె, సగం అతను. రాగాలు తీయొద్దు, మామూలుగా మాట్లాడుతున్నట్టే అనాలి. చెవికి లయ తెలిస్తే చాలు. ఆ వెంటనే ఇంకో సానెట్ మొదలుపెడతారు, నాలుగు పంక్తులు అయ్యాయో లేదో ఆయా వచ్చి "అమ్మగారు పిలుస్తున్నారు" అంటుంది. రెండో పద్యం అలా తెగిపోవడం చెవికి తెలియాలి.

నువ్వు, మీరు సంగతి కూడా చూసుకోండి. ఇంగ్లిష్‌లో అప్పట్లో ఈ తేడా ఉండేది. విందులో జూలియట్ అతన్ని మర్యాదగా మీరు అన్నట్టే మాట్లాడుతుంది. రాత్రి కిటికీ దగ్గర ఒంటరిగా ఉన్నాననుకుని మొదటిసారి నువ్వు అంటుంది. ఇంగ్లిష్‌లో ఇవాళ వినేవాళ్లకు ఆ తేడా అందదు, మన భాషలో ఇంకా బతికే ఉంది. ఆ ఒక్క "నువ్వు" దగ్గర మీ జూలియట్ ఊపిరి ఆగాలి.

రావులపాలెం రాజు
ఆ సీనులో జూలియట్ చేత్తో నుదుటికి నీడ పెట్టుకుని తోటంతా వెతుకుతుంది కదా, "రోమియో ఎక్కడున్నావు" అని? మా అమ్మాయి స్కూల్లో అలాగే చేశారు.

సీసపద్యం
లేదు రాజుగారూ, చాలామంది చేసే పొరపాటే అది. అక్కడ మాటకు అర్థం ఎక్కడ అని కాదు, ఎందుకు అని. ఎందుకయ్యా నువ్వు రోమియోవి అయ్యావు, ఆ ఇంట్లో ఎందుకు పుట్టావు, ఆ పేరు వదిలేయ్ అని బాధపడుతోంది. వెతకడం లేదు. అతను అక్కడున్నట్టు ఆమెకు తెలియనే తెలియదు. ఇంకొకటి, అచ్చులో బాల్కనీ అన్న మాటే లేదు, కిటికీ అనే ఉంది. వెరోనాలో జనం ఫొటోలు దిగే బాల్కనీ 20వ శతాబ్దంలో ఆ ఇంటికి తగిలించింది. కాబట్టి సెట్టుకు డబ్బు తగలేయకండి, ఒక ఎత్తు బల్ల చాలు.

కొత్తచివురు
సెట్ అంటే గుర్తొచ్చింది. ఈ నాటకం మొదట ఆడింది పట్టపగలు, పైకప్పు లేని నాటకశాలలో. చీకటి అంతా మాటల్లోనే, చేతిలో కాగడా పట్టుకుంటే రాత్రి అని జనం ఒప్పుకునేవాళ్లు. జూలియట్ వేసింది కూడా మగపిల్లవాడే. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి మా తాతయ్య చెప్పగా విన్నాను కాబట్టి ఇది నాకు వింతగా అనిపించలేదు. మీరు లైట్లకు కంగారు పడకండి, సమాధి సీనులో ఒక్క టార్చి వెలుగు చాలు. కులం సంగతిలో మాత్రం నా మాట నాదే, నా నాటకం నేను రాస్తాను.

వేపచెట్టు
ఎవరూ ఆయా ప్రసంగం గురించి అడగలేదు, అందరూ ముందు కోసేది దాన్నే కాబట్టి అడుగుతున్నా, మీరు కోశారా?

తెరతాడు
కోశాం అండీ. కథకు పనికిరాదనిపించింది. పిల్ల వయసు చెప్పమంటే పాలు మాన్పించిన రోజు నుంచి మొదలుపెడుతుంది.

వేపచెట్టు
కోయొద్దు. నా మాట విని వెనక్కి పెట్టండి. నేను అంగన్‌వాడీలో పనిచేసి రిటైరయ్యాను, ఆ ప్రసంగం చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. పదకొండేళ్ల కింద భూకంపం వచ్చిన రోజు, పావురాల గూడు గోడ కింద ఎండలో కూర్చుని, చనుమొనకు చేదు మందు పూసుకుని పిల్లకు పాలు మాన్పించింది. అక్కడ వాళ్లు వాడింది మాచిపత్రి లాంటి ఒక చేదాకు, మన ఇళ్లలో వేపాకు ముద్ద. చేదు తగిలి పిల్ల మొహం ఎలా పెట్టిందో చెప్పి మురిసిపోతుంది. ఆ మాటల మధ్యలో ఒక్క పంక్తి దొర్లిపోతుంది, సూసన్‌దీ దీనిదీ ఒకటే వయసు, సూసన్ దేవుడి దగ్గరుంది అని. అంటే ఆమె సొంత బిడ్డ చనిపోయింది, ఆ పాలు ఈ పిల్ల తాగింది. ఆయా ఎవరో మొత్తం ఆ ఒక్క పంక్తిలో ఉంది. ఇంత చేసిన మనిషి మూడో అంకంలో రోమియోను మరిచిపో, పారిస్‌ను చేసుకో అంటుంది. జూలియట్‌కు ఇంట్లో మిగిలిన చివరి మనిషి కూడా పోయినట్టయింది, అప్పట్నుంచీ ఆ పిల్ల ఇంట్లో ఎవరికీ నిజం చెప్పదు. పాలు ఇచ్చిన సంగతి జనానికి తెలియకపోతే ఆ దెబ్బ తగలదు. మీ ఆయా వేషం వేసే ఆమెకు పిల్లలున్నారా? ఉంటే నేర్పించక్కర్లేదు.

పాత ప్రాంప్టర్
అమ్మా, నమస్కారం. ముప్పై ఏళ్లలో నేను ఆ పంక్తి ఎన్నిసార్లు అందించానో, ఒక్కసారీ వినలేదు.

డల్లాస్ తెలుగు
చివరి సీను గురించి నాది వేరే అభిప్రాయం. మనవాళ్లకు చివర్లో నాయికా నాయకులు ఒక్కసారైనా మాట్లాడుకోవాలి. 1748లో గారిక్ అనే పెద్ద నటుడు లండన్‌లో అదే చేశాడు, రోమియో విషం తాగాక ప్రాణం పోకముందే జూలియట్ లేస్తుంది, ఇద్దరూ మాట్లాడుకుని చనిపోతారు. దాదాపు వందేళ్లు జనం ఆ రూపాన్నే చూశారు. మనకు విషాదాంతమే అంతంతమాత్రం, ఈ కాస్త ఊరటైనా ఇవ్వొచ్చు కదా.

టీచరమ్మ
మనకు విషాదాంతం కొత్తేమీ కాదండీ. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారు 'విషాద సారంగధర' అని పేరులోనే విషాదం పెట్టి 19వ శతాబ్దంలోనే ఆడించారు. గారిక్ సీను కన్నీళ్లు తెప్పిస్తుంది, నిజమే. కానీ అసలులో జూలియట్ లేచేసరికి పెదవులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. అంతే దూరంలో తప్పిపోయింది. ఆ వెచ్చదనం ఉండాలంటే మాటలు ఉండకూడదు. ఇంకో సంగతి చూడండి, అప్పటిదాకా పక్కనున్న పాదిరీ గారు కాపలావాళ్ల అలికిడి విని "నేనిక ఉండలేను" అని పారిపోతాడు. పధ్నాలుగేళ్లు నిండని పిల్లను శవాల మధ్య వదిలేసి!

హంద్రీ ఒడ్డు
జూలియట్ చావలేదు, మందు మత్తులో ఉందని పాదిరీ గారు రోమియోకు పంపిన ఉత్తరం అసలు ఎందుకు అందలేదో కూడా కోసేయకండి. మెర్క్యూషియో చస్తూ రెండిళ్లనూ తిట్టే తిట్టును చాలామంది "మీ కొంపలు కూలా" అని చేస్తారు. తెలుగుకు బాగుంది కానీ అసలు మాట ప్లేగు. "మీ రెండిళ్లకూ మహమ్మారి తగల" అనండి. ఎందుకంటే ఐదో అంకంలో ఉత్తరం తీసుకెళ్లిన జాన్ అనే ఇంకో పాదిరీని మహమ్మారి ఉన్న ఇంట్లో ఉన్నాడన్న అనుమానంతోనే లోపల పెట్టి తలుపులకు సీలు వేస్తారు. వాడి తిట్టు తగిలింది, తగలకూడని ఇద్దరికి తగిలింది. నాటకం రాసేనాటికి లండన్‌లో ప్లేగు వల్ల నాటకశాలలు నెలల తరబడి మూతపడి తెరుచుకున్నాయి. కోవిడ్‌లో వీధి చివర కట్టెలు కట్టడం చూసిన మనకు ఆ సీను వివరించనక్కర్లేదు.

గ్రీన్‌రూమ్
తెరతాడు గారూ, జూలియట్ పడిపోయాక ఉన్నవి దాదాపు 140 పంక్తులు. అందులో పాదిరీ చెప్పే కథ మనం అప్పటికే చూసిందే, ఆ నలభై పంక్తులు ఐదుకు కుదించండి, ఎవరూ ఏమీ అనరు. కానీ తండ్రులిద్దర్నీ ఉంచండి. కాపులెట్ రోమియో తండ్రి మాంటెగ్యూ వైపు తిరిగి, అన్నా, నీ చెయ్యి ఇవ్వు, నా కూతురి తరఫున నేను అడగగలిగింది ఇంతే, ఇదే మగపెళ్లివాళ్లు ఇచ్చే సొమ్ము అనుకుంటాను అంటాడు. దానికి మనకు పాత మాట ఉంది, ఓలి. ఆ తర్వాత మాంటెగ్యూ ఇంకా ఎక్కువే ఇస్తాను, బంగారు విగ్రహం చేయిస్తాను అంటాడు, ఈయన నేనూ అంతే చేయిస్తానంటాడు. శవాల దగ్గర కూడా ఒకరికొకరు తగ్గరు. అయినా చేతులు కలిశాయి. రెండూ నిజమే, నటులు రెండూ చూపించాలి.

తెరతాడు
పది రోజులు రాయలేకపోయాను, క్షమించండి. ఆయా ప్రసంగం వెనక్కి పెట్టాం, వేపాకుతోనే. వేషం వేసే ఆమెకు ఇద్దరు పిల్లలు. మొదటి రోజు నవ్విస్తూ నవ్విస్తూ వెళ్లి సూసన్ దగ్గర ఆగిపోయింది, మాట మరిచిపోయిందేమోనని మా ప్రాంప్టర్ అందించాడు. మరిచిపోలేదు. సీసపద్యం గారూ, ఎత్తుగీతి రెండు చోట్ల యతి తప్పింది, మీకు విడిగా పంపిస్తాను, దయచేసి సరిచేయండి. రోమియో కుర్రాడు ఇప్పుడు ప్రశ్న అడగడం లేదు. చెయ్యి ఎత్తి ఎక్కడ నిలబడాలో తనే చూసుకుంటున్నాడు.

నిన్న రాత్రి చివరి సీను మొదటిసారి నిలబడి చేశాం. "అన్నా" అన్నది అతకలేదు, ఇద్దరూ వయసులో సమానం, ఎవరు ఎవరికి అన్న? నాలుగైదు రకాలుగా ప్రయత్నించాక, కాపులెట్ వేసే ఆయన, ఈమధ్యే కూతురి పెళ్లి చేసిన మనిషి, స్క్రిప్టు కింద పెట్టేసి మాంటెగ్యూ దగ్గరికి వెళ్లి చెయ్యి చాచి "బావగారూ" అన్నాడు.

మూడు చోట్ల కొట్టేసిన మాట. ఇక్కడ రాశాను.